కచేరీ టికెట్ల నుంచి సంతకం చేసిన రికార్డుల దాకా: స్థానిక పాఠకులకు బహుమతి పోటీ నడిపే పద్ధతి

పాఠకులకు కచేరీ టికెట్లో సినిమా పాసులో ఇచ్చే పోటీలో లక్కీ డ్రా తీయడం పది నిమిషాల పని. అసలు పని దానికి ముందూ ఉంటుంది, తర్వాతా ఉంటుంది. ఎన్ని ఎంట్రీలు వచ్చాయన్నది నిజానికి పెద్ద విషయం కాదు. ఆ సాయంత్రం ఆ సీట్లలో మనుషులు కూర్చున్నారా లేదా అన్నదే లెక్క. ముందు వరసలో నాలుగు కుర్చీలు ఖాళీగా కనబడితే నిర్వాహకులు మళ్లీ పాసులివ్వరు. అందుకే కింద చెప్పేదంతా ప్రదర్శన రోజు నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ చెప్పినదే. ఇది చిన్న పత్రిక, వెబ్‌సైట్, రేడియో, గ్రంథాలయ బులెటిన్ లాంటివి నడిపేవాళ్ల కోసం.

1. బహుమతి ఏమిటో రాతలో తీసుకోండి

"ఐదు జతల పాసులిస్తాం, వేసుకోండి" అని ఫోన్‌లో అన్న మాట మీద ప్రకటన వేయకండి. ఒక ఈమెయిల్ పంపి ఈ సంగతులకు జవాబు తెప్పించుకోండి:

- ఎన్ని టికెట్లు, ఏ తేదీ, ఏ సమయం, ఏ తరగతి. జతలో ఇద్దరికీ పక్కపక్క సీట్లేనా.
- టికెట్ ముందే ఇస్తారా, లేక గేటు దగ్గర పేర్ల జాబితాలో పెడతారా. జాబితా అయితే ఎవరికి, ఏ రోజు ఏ గంటలోపు పంపాలి.
- వయసు పరిమితి ఉందా. వెంట పిల్లలను తీసుకురావచ్చా.
- గెలిచినవారు రాలేకపోతే వేరొకరి పేరు మార్చవచ్చా.
- ప్రదర్శన వాయిదా పడితే ఇవే పాసులు చెల్లుతాయా. రద్దయితే బదులు ఏమైనా ఇస్తారా.
- ఆ సాయంత్రం గేటు దగ్గర ఫోన్ ఎత్తే మనిషి ఎవరు, నంబరు ఏమిటి.

చివరిది ఎక్కువమంది అడగరు. పాసులిచ్చిన ప్రచార విభాగం మనిషి సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ ఎత్తకపోవచ్చు. గేటు దగ్గర పేరు దొరక్క నిలబడ్డ పాఠకుడు మాత్రం మీకే ఫోన్ చేస్తాడు.

బహుమతి రకాన్నిబట్టి మెలికలు మారతాయి. సినిమా ప్రివ్యూ పాసుల్లో చాలావాటికి సీటు హామీ ఉండదు. కొందరు రారన్న లెక్కతో హాలు పట్టేదానికంటే ఎక్కువ పాసులు పంచుతారు, ముందు వచ్చినవారికే సీటు. ఈ మాట ప్రకటనలోనే ఉండాలి. కళాకారుణ్ని కలిసే అవకాశం ఉంటే, అది టికెట్‌తో కలిసి వచ్చేదా విడిదా, ఎన్ని గంటలకు ఎక్కడ నిలబడాలి, ఫొటో తీసుకోనిస్తారా అన్నవి అడగండి. అలాంటి సమయం తరచూ ప్రదర్శనకు ముందే ఉంటుంది. ఆ సంగతి చెప్పకపోతే గెలిచినవారు ప్రదర్శన వేళకు తీరిగ్గా వస్తారు.

సంగీత యాప్ సభ్యత్వం, సినిమా యాప్ సభ్యత్వం లాంటి గిఫ్ట్ కోడ్‌లు ఏ దేశం కోసం ఇచ్చారో ఆ దేశపు ఖాతాలోనే పనిచేయడం మామూలు. గడువు తేదీ కూడా చూడండి. డీవీడీలకు ప్రాంతపు కోడ్ ఉంటుంది, 1 నుంచి 6 దాకా భౌగోళిక ప్రాంతాలు. బ్లూ రే డిస్క్‌లకైతే ఎ, బి, సి అని మూడే. వేరే ప్రాంతపు డిస్క్ గెలిచినవారి ప్లేయర్‌లో ఆడకపోతే అది బహుమతి కాదు, పేచీ.

2. క్యాలెండరును వెనక నుంచి రాయండి

ప్రదర్శన శనివారం సాయంత్రం 7 గంటలకు అనుకుందాం.

- శుక్రవారం: ఏ పనీ పెట్టుకోకండి. తప్పు దొరికితే దిద్దుకునే రోజు ఇది.
- గురువారం మధ్యాహ్నం 12: ఖరారైన పేర్ల జాబితా నిర్వాహకులకు చేరాలి.
- బుధవారం మధ్యాహ్నం 12: గెలిచినవారు జవాబివ్వాల్సిన గడువు. ఇవ్వనివారి స్థానంలో వెయిటింగ్ లిస్ట్‌లోని వారికి వెంటనే ఫోన్. వాళ్ల గడువు ఆ సాయంత్రం 6.
- మంగళవారం ఉదయం 11: డ్రా. 12 లోపు ఫోన్లు, ఈమెయిళ్లు.
- సోమవారం మధ్యాహ్నం 12: ఎంట్రీలు బంద్.
- అంతకుముందు సోమవారం: ప్రకటన.

గడువు మధ్యాహ్నం పెట్టమనడానికి కారణముంది. "15వ తేదీ అర్ధరాత్రి" అంటే 14 రాత్రా 15 రాత్రా అని సగంమందికి అనుమానం వస్తుంది. పైగా ఆ వేళలో ఫారం మొరాయిస్తే చూసేవాళ్లుండరు. ప్రకటన వారం నుంచి పది రోజులు నడిస్తే చాలు. నెల రోజులు నడిపితే ముందు పంపినవాళ్లు మరచిపోతారు, ఈలోపు వాళ్ల శనివారం వేరే పనికి పోతుంది. కొరియర్‌లో వెళ్లే వస్తువులకైతే ఈ హడావుడి లేదు, రెండు వారాలు పెట్టుకోవచ్చు.

3. చట్టం: మూడూ కలిస్తే లాటరీ

చాలా దేశాల చట్టాలు ఒకే సూత్రం చుట్టూ తిరుగుతాయి. బహుమతి, అదృష్టం, ఆటగాడు చెల్లించే మూల్యం, ఈ మూడూ ఒకచోట చేరితే అది లాటరీ. లాటరీ నడపాలంటే అనుమతి కావాలి, కొన్నిచోట్ల ప్రైవేటువారికి అసలు ఇవ్వరు. బయటపడే దారులు రెండు. ఒకటి, ప్రవేశం పూర్తిగా ఉచితం చేయడం. రెండు, అదృష్టాన్ని తీసేసి నైపుణ్యాన్నిబట్టి విజేతను ఎంచడం. "చందాదారులకు మాత్రమే", "ఈ కూపన్ కత్తిరించి పంపండి", ఎక్కువ ఛార్జీ పడే ఎస్సెమ్మెస్... ఇవన్నీ మూల్యం కిందకు రావచ్చు. అందుకే అమెరికాలో నడిచే డ్రాల్లో కొనుగోలు అవసరం లేదన్న మాట తప్పకుండా ఉంటుంది. బహుమతుల మొత్తం విలువ 5,000 డాలర్లు దాటితే న్యూయార్క్, ఫ్లోరిడా రాష్ట్రాల్లో ముందే నమోదు చేయించాలి. బ్రిటన్‌లో 2005 నాటి జూద చట్టం ఉచిత డ్రాను లాటరీ నుంచి వేరు చేస్తుంది. కెనడాలో పేరు డ్రాలో వచ్చినవారికి ఒక చిన్న లెక్క ఇచ్చి, సరిగ్గా చేస్తేనే బహుమతి ఇచ్చే ఆనవాయితీ ఇందుకే పుట్టింది. భారత్‌లో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బహుమతి పథకం ముగిశాక తుది ఫలితాలను పాల్గొన్నవారికి తెలియనివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి.

రెండు జతల సినిమా పాసులకు లాయర్ అక్కర్లేదు. ప్రవేశం ఉచితంగా ఉంచండి, ఫలితం ప్రచురించండి. కారు, విదేశీ యాత్ర స్థాయి బహుమతి వస్తే మాత్రం పన్ను ఎవరు కట్టాలన్న ప్రశ్నతో సహా లాయర్‌కు చూపించకుండా ప్రకటించవద్దు.

సులువైన ప్రశ్న ఒకటి అడిగినంత మాత్రాన అది నైపుణ్య పోటీ అయిపోదు. జవాబు అందరికీ తెలిసినదైతే చివరికి అదృష్టమే తేలుస్తుంది. నిజంగా నైపుణ్యమే కావాలంటే, చిత్రానికి వ్యాఖ్య, వంద మాటల సమీక్ష లాంటివి పెట్టి మార్కుల పద్ధతి ముందే చెప్పండి: కొత్తదనానికి 50, భాషకు 30, అంశానికి తగినట్టుండడానికి 20 అన్నట్టు. ప్రజల ఓట్లతో విజేతను తేల్చే పద్ధతి జోలికి పోకపోవడమే మేలు. ఓట్లు కొనుక్కోవచ్చు, యంత్రాలతో వేయించవచ్చు. ఓడినవాళ్లు ఆరోపణ చేస్తే మీ దగ్గర జవాబుండదు.

4. నియమాలు

ఒక పేజీ దాటితే ఎవరూ చదవరు. కానీ ఏదీ వదలకూడదు. ఇలా రాసుకోవచ్చు:

"ప్రవేశం ఉచితం. 18 ఏళ్లు నిండి, కింద ఇచ్చిన పిన్‌కోడ్‌ల పరిధిలో ఉండేవారు అర్హులు. మా సిబ్బంది, బహుమతి ఇస్తున్న సంస్థ సిబ్బంది, వారి ఇళ్లలో ఉండేవారు అనర్హులు. ఒక్కరికి ఒక్క ఎంట్రీ. ఫలానా తేదీ మధ్యాహ్నం 12 గంటల తర్వాత వచ్చినవి చెల్లవు. చెల్లిన ఎంట్రీల నుంచి లక్కీ డ్రాలో ఐదుగురిని ఎంపిక చేస్తాం. ఒక్కొక్కరికి రెండు టికెట్లు. ప్రయాణం, పార్కింగ్, భోజనం ఇందులో లేవు. బహుమతికి బదులు నగదు ఇవ్వం. టికెట్లు అమ్మరాదు. ఫోన్, ఈమెయిల్ ద్వారా తెలియజేస్తాం, 24 గంటల్లో జవాబు రాకపోతే వెయిటింగ్ లిస్ట్‌లోని తర్వాతివారికి ఇస్తాం. విజేతల పేరు, ప్రాంతం ప్రచురిస్తాం. ఏ దశలోనూ డబ్బు, ఓటీపీ, కార్డు వివరాలు అడగం. మీ వివరాలను ఈ పోటీకే వాడి, విజేతల పేర్లు, ఎంపిక వరస తప్ప మిగతావన్నీ ప్రదర్శన జరిగిన 30 రోజులకు తొలగిస్తాం."

పోటీ మొదలయ్యాక నియమం మార్చకండి. మార్చక తప్పకపోతే (ప్రదర్శన తేదీయే మారిందనుకోండి) అప్పటికే పంపినవారందరికీ తెలియజేయాలి. బహుమతి ఎవరిచ్చారో కూడా పేరు పెట్టి చెప్పండి. ఉచితంగా వచ్చిన పాసులతో పాటు మంచి సమీక్ష కూడా రాస్తామన్న ఒప్పందం చేసుకోకండి.

5. ఫారం: తక్కువ అడగండి, సరైనవి అడగండి

పేరు, ఫోన్, ఈమెయిల్, పిన్‌కోడ్. వీటితో పాటు రెండు గడులు: "నాకు 18 ఏళ్లు నిండాయి", "ఫలానా శనివారం సాయంత్రం 7 గంటలకు నేను రాగలను". రెండో గడి ఖాళీ సీట్లను తగ్గించే అతి చౌక ఉపాయం. దాన్ని టిక్ చేసేటప్పుడు మనిషి ఒకసారైనా తన క్యాలెండర్ చూసుకుంటాడు.

ఇంటి చిరునామా ఇప్పుడే అవసరం లేదు, కొరియర్ పంపాల్సివస్తే విజేతను అప్పుడు అడగొచ్చు. గుర్తింపు కార్డు నంబర్లు అసలు అడగొద్దు. మీ వార్తాలేఖకు చేర్చుకోవడానికి అనుమతి విడి గడిలో ఉండాలి, అది ముందే టిక్ చేసి ఉండకూడదు, టిక్ చేయకపోయినా ఎంట్రీ చెల్లాలి. వివరాలు స్పాన్సర్‌కు ఇవ్వాలనుకుంటే ఆ సంగతీ విడిగా, స్పష్టంగా అడగండి.

పోటీలనే వెతుక్కుంటూ తిరిగేవాళ్లుంటారు. ఎక్కడ ఏ బహుమతి ఉందో జాబితాలు వేసే వెబ్‌సైట్లూ ఉన్నాయి. వాటిలో మీ లింక్ పడితే ఒక్క పూటలో మూడొందల కిలోమీటర్ల అవతలి నుంచి వందల ఎంట్రీలు వస్తాయి. వాళ్లు గెలిస్తే రారు. అర్హతను పిన్‌కోడ్‌ల జాబితాతో రాయండి, "మా ఊరు, చుట్టుపక్కల" అని రాస్తే ఎవరికి వారు చుట్టుపక్కలే. అదనంగా, మీ వ్యాసం చదివితేనే తెలిసే ప్రశ్న ఒకటి పెట్టండి: ఈ కచేరీలో ఏ వాద్యం తొలిసారి వినిపించబోతోంది లాంటిది. గూగుల్‌లో క్షణంలో దొరికే ప్రశ్న ఎవరినీ ఆపదు.

పెట్టే ముందు ఫోన్ నుంచి ఒకసారి, కంప్యూటర్ నుంచి ఒకసారి మీరే నింపి చూడండి. గూగుల్ ఫారమ్స్ వాడితే జవాబులు చేరే షీట్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ సరిచూసుకోండి. అది వేరే దేశానిదైతే ఎంట్రీ సమయాలన్నీ గంటల తేడాతో పడతాయి, గడువు దాటినవేవో తేల్చడం తలనొప్పి.

6. సోషల్ మీడియాలో పెడితే

ఫేస్‌బుక్‌లో "మీ టైమ్‌లైన్‌లో షేర్ చేస్తే ఎంట్రీ", "ముగ్గురు స్నేహితులను ట్యాగ్ చేస్తే ఎంట్రీ" అనడం ఆ వేదిక నిబంధనలకు విరుద్ధం. అందరూ చేస్తున్నారు కదా అనొచ్చు, కానీ పేజీ పోతే పోయేది మీదే. పోస్టుకు లైక్ కొట్టమనొచ్చు, కామెంట్ చేయమనొచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండింటిలోనూ ఈ పోటీకి ఆ వేదికతో సంబంధం లేదని, దాని మద్దతు లేదని, పాల్గొనేవారు ఆ వేదికను బాధ్యత నుంచి తప్పిస్తున్నారని రాయాలి.

అన్నిటికన్నా మంచిది, సోషల్ మీడియాను ప్రచారానికే వాడి ఎంట్రీలన్నీ ఒకే ఫారంలోకి రప్పించడం. కామెంట్ల నుంచి తీసే డ్రాలో అన్ని కామెంట్లూ లోడ్ కాకపోవచ్చు, ఒకే మనిషి నాలుగు ఖాతాల నుంచి రాయవచ్చు, గెలిచినవారి ఇన్‌బాక్స్ మూసి ఉండవచ్చు.

7. డ్రా

గడువు ముగియగానే ఫారం మూసేసి, షీట్‌కు ఒక కాపీ తీసి దానికి తేదీతో పేరు పెట్టండి. అసలు షీట్ ముట్టుకోకండి, పనంతా కాపీలో.

ముందు ఏరివేత. ఫోన్ నంబర్లలో ఖాళీలు, ముందున్న దేశపు కోడ్ తీసేస్తేగానీ ఒకే నంబరు రెండుసార్లు వచ్చిందని కనబడదు. ఈమెయిళ్లలోనూ ఒక కిటుకుంది. జీమెయిల్ చిరునామాలో @ గుర్తుకు ముందు భాగంలోని చుక్కలను పట్టించుకోదు, ప్లస్ గుర్తు తర్వాత ఏం రాసినా అదే పెట్టెకు చేరుతుంది. అంటే చూడ్డానికి ఐదు చిరునామాలు, నిజానికి ఒక్కటే. ఒకే ఇంటి నుంచి ఇద్దరు పంపడం వేరు, నియమాల్లో "ఇంటికి ఒకటి" అని రాయకపోతే రెండూ చెల్లుతాయి. తీసేసిన ప్రతి వరస పక్కన కారణం రాయండి: గడువు దాటింది, పరిధి బయట, రెండోసారి.

ఇక ఎంపిక. షీట్‌లో రాండ్‌బిట్వీన్ ఫార్ములాతో ఒక అంకె తీయడం అందరికీ తెలిసిందే. ఇబ్బందేమిటంటే, షీట్‌లో ఎక్కడ ఏ అక్షరం మార్చినా ఆ అంకె మారిపోతుంది. విజేత పేరు రాసుకునేలోపే విజేత మారిపోతాడు! సరైన పద్ధతి ఇది:

1. మిగిలిన వరసలకు 1 నుంచి వరస సంఖ్యలు వేయండి.
2. పక్క నిలువు వరసలో ప్రతి ఎంట్రీకీ రాండ్ (RAND) ఫార్ములా పెట్టండి, అది ఏదో ఒక అంకెను యాదృచ్ఛికంగా ఇస్తుంది.
3. ఆ నిలువు వరస మొత్తాన్ని కాపీ చేసి, అదే చోట విలువలుగా మాత్రమే పేస్ట్ చేయండి. ఇక అంకెలు కదలవు.
4. షీట్ మొత్తాన్ని ఆ అంకెల ప్రకారం చిన్న నుంచి పెద్దకు అమర్చండి.
5. పైనున్న ఐదుగురు విజేతలు. ఆ తర్వాతి పదిమంది, అదే వరసలో, వెయిటింగ్ లిస్ట్.

ఐదు జతలకు పదిహేను పేర్లు ఎక్కువ అనిపించవచ్చు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తనివాళ్లు ఎంతమందో ఫోన్లు మొదలుపెట్టాక తెలుస్తుంది. రెండోసారి డ్రా తీయడంకంటే ఒకే డ్రాలో వరస తేల్చేయడం నిజాయితీగా కూడా ఉంటుంది. పోటీ విభాగంతో సంబంధం లేని ఒకరిని పక్కన కూర్చోబెట్టి, స్క్రీన్ రికార్డ్ చేయండి. ఆ వీడియోలో ఫోన్ నంబర్లు ఉంటాయి కాబట్టి అది బయట పెట్టేది కాదు, పేచీ వస్తే చూపించడానికి. బయటి సాధనం కావాలంటే రాండమ్ డాట్ ఆర్గ్ ఉంది, అది వాతావరణంలోని రేడియో శబ్దం నుంచి అంకెలు తీస్తుంది.

వేదిక మీద చీటీలు తీస్తే చూడముచ్చటగానే ఉంటుంది, కానీ అందులో మోసం లేకుండానే తప్పు జరగవచ్చు. 1969 డిసెంబర్ 1న అమెరికాలో సైన్యంలోకి యువకులను పిలవడానికి 366 పుట్టినతేదీలను ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టి లాటరీ తీశారు. నెలల వరసలో పోసి సరిగా కలపకపోవడంతో ఏడాది చివరి నెలల తేదీలు ముందుగా రావడం ఎక్కువైంది. చీటీలన్నీ ఒకే కాగితం, ఒకే కొలత, ఒకే మడత ఉండాలి. వచ్చిన వరసలో కాకుండా కలగాపులగంగా పోయండి. సగానికి మించి నిండని డబ్బా తీసుకోండి, నిండిపోతే లోపల చీటీలు తిరగవు. అడుగు దాకా చేయి పెట్టి కలపండి. తీసేవాళ్లు చూపు పక్కకు తిప్పుకోవాలి.

8. గెలిచినవారికి చెప్పడం

ముందు ఫోన్, వెంటనే ఈమెయిల్. ఫోన్ మూడుసార్లు, వేర్వేరు వేళల్లో చేసి ఆ సమయాలు షీట్‌లో రాయండి. ఈమెయిల్ విషయం పంక్తిలో "అభినందనలు! మీరు గెలిచారు!!" అని రాస్తే నేరుగా స్పామ్‌లోకి పోవచ్చు, పోకపోయినా ఎవరూ నమ్మరు. ప్రదర్శన పేరు, తేదీ పెట్టి రాయండి: "14వ తేదీ వీణ కచేరీ టికెట్లు: బుధవారం మధ్యాహ్నం 12 లోపు జవాబు కావాలి". లోపల గేటు, చేరాల్సిన సమయం, ఏ పేరు చెప్పాలి, ఏ గుర్తింపు చూపాలి, వెంట వచ్చేవారి పేరు ఏమిటన్న ప్రశ్న ఉంటే చాలు.

ఇప్పుడు మోసగాళ్ల సంగతి. మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో పోటీ పెట్టగానే మీ పేరు, మీ లోగోతో ఒక్క అక్షరం తేడాగా దొంగ ఖాతా పుట్టవచ్చు. అది కామెంట్ పెట్టినవారందరికీ "మీరే విజేత, కొరియర్ ఖర్చు పంపండి" అని మెసేజ్ చేస్తుంది. పోస్టులోనే మీ అసలు ఖాతా పేరు రాసి, విజేతలకు ఎలా చెబుతారో, ఏం అడగరో చెప్పేయండి. దొంగ ఖాతా కనబడితే రిపోర్ట్ చేసి, అదే గంటలో పాఠకులను హెచ్చరించండి.

టికెట్ పంపేటప్పుడు ఒక్క మాట తప్పకుండా చేర్చండి: టికెట్ ఫొటో సోషల్ మీడియాలో పెట్టొద్దు. క్యూఆర్ కోడ్ కనబడితే ఎవరైనా దాన్ని కాపీ చేసుకోవచ్చు. గేటు దగ్గర మొదట స్కాన్ అయినదే లోపలికి వెళ్తుంది, రెండోసారి వచ్చిన అసలు మనిషి బయట నిలబడతాడు.

9. గేటు, కొరియర్, ఆ తర్వాత

నిర్వాహకులకు పంపే జాబితా అక్షరక్రమంలో, గుర్తింపు కార్డులో ఉన్న పేర్లతో ఉండాలి. పక్కన టికెట్ల సంఖ్య, ఫోన్‌లో చివరి నాలుగు అంకెలు. జాబితా అందిందని తిరుగు జవాబు వచ్చేదాకా పని అయినట్టు కాదు. ప్రదర్శన ఉదయం విజేతలకు చిన్న మెసేజ్ పంపండి, రాలేమన్నవారు అప్పుడైనా చెబుతారు.

వస్తువులు పంపేవారికి కొన్ని మాటలు. ఎల్‌పీ రికార్డు వ్యాసం 12 అంగుళాలు, అంటే సుమారు 30 సెంటీమీటర్లు. దానికోసం తయారైన అట్టపెట్టెలోనే పంపండి. సీల్ విప్పి ఉన్నదైతే డిస్క్‌ను లోపలి కవర్‌తో సహా బయటకు తీసి జాకెట్ వెనక పెట్టాలి. లోపలే ఉంచితే, పార్సిల్ పడ్డప్పుడు డిస్క్ అంచు జాకెట్ అతుకును చీల్చేస్తుంది. సీల్ ఉన్నదాన్ని మాత్రం విప్పకండి. ఎండలో వదిలితే వినైల్ వంగిపోతుంది, కాబట్టి డెలివరీ రోజు ఇంట్లో ఎవరైనా ఉంటారా అని అడగండి. గిటార్ అయితే తీగలు వదులు చేసి, మెడ కిందా, తల భాగం కిందా మెత్త పెట్టి, పెట్టెలో అటూ ఇటూ కదలకుండా బిగించండి. తీగలు బిగువుగా ఉండగా కింద పడితే విరిగేది ఆ తల భాగమే. బ్లూటూత్ స్పీకర్లు, హెడ్‌ఫోన్లలో లిథియం బ్యాటరీ ఉంటుంది, కొరియర్‌వారికి ముందే చెప్పాలి, విమానంలో పంపడానికి ఆంక్షలుంటాయి. సంతకం చేసిన పోస్టర్‌ను చుట్టి గట్టి గొట్టంలో పంపండి, సిరా పూర్తిగా ఆరాకే.

ఫలితాన్ని ప్రకటన వేసిన చోటే వేయండి: పేరు, ప్రాంతం, చెల్లిన ఎంట్రీలు ఎన్ని. "412 ఎంట్రీల నుంచి ఐదుగురు" అని రాస్తే చదివినవారికి తమ అవకాశం ఎంతో తెలుస్తుంది. ఇంటిపేరు, ఫొటో వేయాలంటే విడిగా అనుమతి తీసుకోండి.

ప్రదర్శన అయ్యాక వచ్చే సోమవారం నాడు విజేతలందరినీ ఒకే ప్రశ్న అడగండి: వెళ్లారా, లోపలికి పోవడంలో ఇబ్బంది వచ్చిందా. చెప్పకుండా మానేసినవారిని ఆరు నెలల పాటు తర్వాతి పోటీల్లో తీసుకోబోమన్న నియమం పెట్టుకోవచ్చు, కానీ అది మొదటి నుంచే రాసి ఉండాలి. బహుమతి ఇచ్చినవారికి నాలుగు పంక్తుల నివేదిక పంపండి: ప్రకటన ఎక్కడెక్కడ వచ్చింది, ఎన్ని ఎంట్రీలు, ఎంతమంది హాజరు, గేటు దగ్గర ఏం జరిగింది. ఎవరూ రాని సీటు ఉంటే అదీ రాయండి, వాళ్లకు ఎలాగూ కనబడింది. 30 రోజులు నిండాక ఎంట్రీల షీట్, దాని కాపీలు, ఈమెయిల్‌లో పంపిన జాబితా అన్నీ తొలగించండి. విజేతల పేర్లు, ఎంపిక వరస, నియమాల ప్రతి మాత్రం విడి ఫైల్‌లో ఉంచుకోండి.